ఓడ ఆగే ఆ ఆరు గంటలు

బిడ్డలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో గల్ఫు దేశాలలోనో స్థిరపడిన కుటుంబాలు మన సంఘాలలో కొల్లలుగా ఉన్నవి. రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి ఆ బిడ్డలు తలిదండ్రులను పిలిపించుకొని, అందరమూ కలిసి ఎక్కడికైనా వెళ్దామంటారు. ఈమధ్య ఆ పిలుపులలో ఓడ ప్రయాణం కూడా వినబడుతున్నది. 2022 జూన్‌లో మన విశాఖపట్నం రేవుకే అటువంటి విహార నౌక వచ్చింది గనుక ఈ మాట మన పల్లెలకు మరీ వింత కాదు.

ఓడ లోపలి సంగతులు నేను వ్రాయబోవడం లేదు. తిండి, ఈతకొలను, పాటల కచేరీలు ఎవరైనా చెప్పగలరు. ఓడ ఒక ఊరి రేవులో ఆగి, ఐదారు గంటలు గడువిచ్చి, దిగి చూసి రమ్మంటుంది. చంకన ఒక బిడ్డ, వేలు పట్టుకొని మరొక బిడ్డ ఉన్న కుటుంబానికి ఆ ఐదారు గంటలే అసలు పరీక్ష. మా కుటుంబం 2023 జూన్‌లో అటువంటి ఒక దినం గడిపింది. నేనూ, మా వారూ, కొడుకూ కోడలూ, ఎనిమిదేళ్ళ మనవరాలూ, నాలుగేళ్ళ మనవడూ. ఉదయం ఎఫెసు, సాయంత్రం పత్మాసు.

అపొస్తలుల కార్యములు 20, 21 అధ్యాయాలు ఇంట్లో కూర్చొని చదివేటప్పుడు ఊళ్ళ పేర్లను గబగబా దాటిపోతాము. అస్సు, మితులేనే, సమొసు, మిలేతు, కోసు, రొదు, పతర. ఓడ మీద వెళ్తే అవి పేర్లు కావు, రేవులు. పౌలు ఎక్కినవి సరుకుల ఓడలు. అవి ఎక్కడ ఎంతసేపు ఆగితే ఆయనకు అక్కడ అంతే సమయం. పెంతెకొస్తు నాటికి యెరూషలేములో ఉండాలన్న తొందరలో ఎఫెసును దాటిపోయి, మిలేతులో ఆగి, ఎఫెసు సంఘపు పెద్దలనే అక్కడికి పిలిపించుకొన్నాడు. తూరులో ఓడ సరుకు దించుతుండగా ఏడు దినాలు దొరికినవి. వెళ్ళే రోజున అక్కడి శిష్యులు భార్యలతోనూ పిల్లలతోనూ ఊరి వెలుపలి వరకు సాగనంపి, సముద్రపు ఒడ్డున మోకాళ్ళూని ప్రార్థించారని లూకా వ్రాసినాడు. పిల్లల మాట ఆయన మరచిపోలేదు. ఈ వచనం ఓడ ఎక్కే ముందు రాత్రి మనవరాలికి చదివి వినిపించాను. తెలుగు చదవడం దానికి రాదు, వింటే తెలుస్తుంది.

గ్రీసు దేశంలోని పిరయస్ రేవునుండి మూడు నాలుగు రోజుల ప్రయాణాలు చేసే ఓడలు కొన్ని ఏజియన్ సముద్రంలో ఒకే రోజున ఉదయం టర్కీలోని కుషాదసి రేవులోనూ సాయంత్రం పత్మాసు ద్వీపంలోనూ ఆగుతవి. మాది అటువంటిదే. మనవంటి వారు ముందుగా చూసుకోవలసినది పాస్‌పోర్టు సంగతి. మనుమలది అమెరికా పాస్‌పోర్టు, మనది భారతదేశపుది. వారికి అవసరం లేని వీసా మనకు అవసరమవుతుంది. గ్రీసునుండి టర్కీకి వెళ్ళి మళ్ళీ గ్రీసుకు రావడమంటే రెండుసార్లు ప్రవేశించడమే గనుక, ఒక్క ప్రవేశానికి ఇచ్చే వీసా చాలదు. టిక్కెట్టు కొనకముందే టర్కీ సంగతి కూడా ఓడ వారిని అడిగి, జవాబు కాగితం మీద తీసుకోవాలి. "ఏమీ కాదులే నాన్నా" అని ఫోనులో కొడుకు చెప్పే మాట రేవులోని అధికారి దగ్గర చెల్లదు.

రెండవది గడియారం. ఓడకు తన సమయం తనకుంటుంది. టర్కీ వారు 2016 నుండి ఏడాది పొడవునా ఒకే సమయం పాటిస్తున్నారు. గ్రీసు వారు అక్టోబరు చివరిలో గంట వెనక్కి తిప్పుకొని మార్చి చివరిలో మళ్ళీ ముందుకు తిప్పుకొంటారు. వేసవిలో రెండు దేశాలకూ తేడా లేదు, చలికాలంలో గంట తేడా ఉంటుంది. మన చేతిలోని ఫోను ఒడ్డున దిగగానే ఆ ఊరి సమయానికి మారిపోతుంది, ఓడ గడియారం మారకపోవచ్చును. అందుచేత మా వారు పాత చేతి గడియారం ఓడ సమయానికి పెట్టుకొని దానినే నమ్ముకొన్నారు. ఓడ కదిలే సమయానికి కాదు, దానికి ముందుగా చెప్పే "అందరూ ఎక్కవలసిన" సమయానికి మనం లోపల ఉండాలి. ఓడ వారే ఏర్పాటు చేసిన బస్సు ఆలస్యమైతే ఓడ దానికోసం చూస్తుంది. మనంతట మనం మాట్లాడుకొన్న బండిలో వెళ్తే ఆ భరోసా లేదు. ఓడ వెళ్ళిపోతే తరువాతి రేవుకు మన ఖర్చుతో మనమే చేరుకోవాలి.

ఇది తెలిసికూడా మేము విడిగా వ్యాను మాట్లాడుకొన్నాము. ఎందుకంటే నలభై మంది ఎక్కిన బస్సు నాలుగేళ్ళ బిడ్డ కోసం ఆగదు. ఆ బస్సులు కొన్ని తివాచీల దుకాణం దగ్గరో తోలు వస్తువుల దుకాణం దగ్గరో గంట నిలిపివేయడం కూడా అక్కడ మామూలే. పెద్దవారికి తేనీరు ఇస్తారు, తివాచీలు పరచి చూపిస్తారు, పిల్లలు మాత్రం ఏడుస్తారు. విడిగా వెళ్ళేవారు రెండు గంటలు ముందుగానే రేవుకు తిరిగి వచ్చేటట్టు లెక్క వేసుకోవాలని నా అభిప్రాయం. కుషాదసినుండి ఎఫెసు సుమారు 20 కిలోమీటర్లే, అరగంట ప్రయాణం.

ఎఫెసు శిథిలాలకు పైన ఒక ద్వారం, దిగువన ఒక ద్వారం ఉన్నవి. పైన దింపించుకొని దిగువకు నడవాలి, అప్పుడు దారి అంతా పల్లమే. మరుగుదొడ్లు ద్వారాల దగ్గరే గాని నడుమ లేవు, లోపలికి వెళ్ళకముందే పిల్లల పని చూసుకోవాలి. ఆ వీధి పరచినది పాలరాతితో. రెండువేల ఏండ్ల కాళ్ళు అరగదీసిన ఆ రాయి జారుతుంది. తోసుకొనిపోయే పిల్లల బండి ఆ రాళ్ళ సందులలో ఇరుక్కొంటుంది, దానిని ఓడలోనే వదిలిపెట్టడం మేలు. ఇక నీడ అన్నది దాదాపు లేదు. జూన్ ఎండ మన రోహిణి కార్తె ఎండను జ్ఞాపకం చేసింది. తొమ్మిదింటికే రాయి వేడెక్కింది. గొడుగులు, టోపీలు, తలకొక సీసా నీళ్ళు తీసుకువెళ్ళడం వలన కొంత నయమయింది.

మా అబ్బాయి ఆ రోజుకోసం చాలా సొమ్ము ఖర్చు పెట్టినాడు. పుస్తకం చదివి, గురుతులు పెట్టుకొని, చూడవలసినవి వరుసగా వ్రాసుకొన్నాడు. మనవడేమో పిల్లులను లెక్కపెడుతున్నాడు. ఎఫెసు నిండా పిల్లులే. విరిగిన స్తంభం మీద ఒకటి, దేవత శిల్పం కింద ఒకటి. పదకొండవ పిల్లి దగ్గర వాడు కూర్చొండిపోయి ఇక లేవనన్నాడు. తండ్రి బుజ్జగించినాడు, తరువాత గదిమినాడు, తరువాత రెక్క పట్టుకొని లేపినాడు. వాడు రాగం అందుకొన్నాడు. కోడలి ముఖం మాడిపోయింది. "ఇంత దూరం తీసుకొచ్చింది పిల్లుల కోసమా?" అని మా అబ్బాయి తెలుగులో అరిచినాడు. చుట్టూ వెళ్ళేవారికి భాష తెలియకపోయినా సంగతి తెలిసింది. ఒక టర్కీ ముసలాయన ఆగి, పిల్లవాడి బుగ్గ నిమిరి, మా అబ్బాయి వైపు చూసి నవ్వి వెళ్ళిపోయినాడు. ఆ దేశంలో చిన్నపిల్లలంటే ప్రాణం, దారిన పోయేవారు కూడా పలకరించకుండా వెళ్ళరు.

మా వారు కొడుకుతో ఏమీ అనలేదు. బిడ్డను భుజాల మీదికి ఎక్కించుకొని గొడుగు వాడి చేతికిచ్చి ముందుకు నడిచినారు. నేనూ ఏమీ అనలేదు. కాని ఆ నడకలో నాకు ఒక సంగతి తట్టింది. పిల్లలకు కోపము రేపవద్దని పౌలు తండ్రులకు వ్రాసిన మాట ఉన్నది ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలోనే, ఆరవ అధ్యాయములో. చాలా ప్రాచీనమైన ప్రతులు కొన్నింటిలో మొదటి వచనాన "ఎఫెసులో" అన్న మాట లేదనీ, చుట్టుపట్ల సంఘాలన్నీ చదువుకోవడానికి తిప్పిన పత్రిక కావచ్చుననీ పండితులు చెబుతారు. అయినా ఆ చుట్టుపట్ల సంఘాలకు ఎఫెసే పెద్ద పట్టణం. ఈ వీధిలో బిడ్డ రెక్క పట్టుకొని లాగిన తండ్రులు అప్పుడు కూడా ఉండే ఉంటారు.

వీధి దిగుతుండగా కుడివైపున పురాతనపు మరుగుదొడ్డి ఒకటి ఉన్నది. మూడు గోడల పొడవునా రాతి బల్ల, బల్లకు వరుసగా రంధ్రాలు, నడుమ అడ్డు లేదు. పెద్దమనుషులు పక్కపక్కన కూర్చొని మాట్లాడుకొనేవారట. మనవడి ఏడుపు అక్కడ ఆగిపోయింది. ఇద్దరు పిల్లలూ పడి పడి నవ్వినారు. ఎఫెసులో వారికి అన్నిటికంటె నచ్చినది అదే. తిరిగి వెళ్ళాక సండేస్కూలులో కూడా దాని సంగతే చెప్పినారట, పౌలు సంగతి తరువాతనే.

ఆ కింద రెండంతస్తుల ముఖభాగంతో నిలిచిన గ్రంథాలయం అందరూ ఫోటోలు దిగే చోటు. సెల్సుస్ అనే రోమా అధికారి జ్ఞాపకార్థం ఆయన కుమారుడు రెండవ శతాబ్దపు ఆరంభంలో కట్టించినాడు. పడిపోయిన రాళ్ళను ఆస్ట్రియా దేశపు పురావస్తు శాస్త్రజ్ఞులు 1970లలో తిరిగి పేర్చి నిలబెట్టినారు. పౌలు ఈ మెట్లు ఎక్కినాడని మన వారు కొందరు ఫోటోల కింద వ్రాస్తూ ఉంటారు. అది పొరపాటు, పౌలు నాటికి ఈ కట్టడం లేదు.

నాటకశాల మాత్రం ఉన్నది. కొండవాలున తొలిచి కట్టిన ఆ అర్ధచంద్రాకారపు మెట్లమీద సుమారు 25,000 మంది కూర్చోవచ్చునని అంచనా. మెట్లు ఎత్తైనవి, పట్టుకోవడానికి కమ్మీలు లేవు. నాలుగేళ్ళ బిడ్డను వాటిమీద వదలరాదు. మేము అడుగు వరుసలోనే గొడుగుల కింద కూర్చొన్నాము. అక్కడ పిల్లలకు 19వ అధ్యాయపు కథ చెప్పినాను. దేమేత్రియ అనే కంసాలి, అర్తెమిదేవికి అతడు చేయించే వెండి గుళ్ళు, పౌలు బోధ వలన బేరం పడిపోయిందని అతడు తోటి పనివారిని రేపిన తీరు, గాయియును అరిస్తర్కును ఈడ్చుకొని జనమంతా ఇక్కడికే పరుగెత్తడం, రెండు గంటలసేపు ఒకే కేక. మన తెలుగు బైబిలులో ఆ గుంపును సముదాయించినవాడు కరణము. మన పల్లెలలో కరణీకం 1980లలోనే రద్దయినా ఆ ఒక్క మాట వలన ఎఫెసు నాకు ఎప్పుడూ మన తాలూకా ఊరిలాగానే ఉంటుంది. కొడుకుకు కూడా ఆ మాట గురుతున్నది. "కరణంగారు వచ్చి కేకలేశారమ్మా," అని కూతురితో చెప్పి నవ్వినాడు. పొద్దుననుండి నవ్వడం అదే మొదలు.

అప్పుడు మనవరాలు అడిగింది. "మామ్మా, అప్పుడు ఇక్కడ పిల్లలు ఉన్నారా?"

ఉన్నారని చెప్పగలిగినాను. ఎట్లా తెలుసునంటే, ఆ పత్రికలో పౌలు పిల్లల గురించి పెద్దలతో మాట్లాడి ఊరుకోలేదు, పిల్లలనే నేరుగా పిలిచి మాట చెప్పినాడు. పత్రికను సంఘంలో పైకి చదివేవారు గనుక, వినడానికి పిల్లలు అక్కడ కూర్చొని ఉండాలి. అమ్మానాన్నలకు చెప్పవలసినది చెప్పి, వారికి చెప్పవలసినది వారికే చెప్పినాడు. "అయితే పౌలుకు తెలుసా పిల్లలు వింటున్నారని?" అన్నది. తెలుసునన్నాను. ఆ తరువాత తిమోతి సంగతి కూడా చెప్పినాను. పౌలు ఈ ఊరిలోనే ఉండుమని చెప్పిన తిమోతికి చిన్ననాడు విశ్వాసం అందినది తల్లి యునీకే, అవ్వ లోయి చేతులమీదుగా. "లోయి అంటే నీలాగా మామ్మా?" అన్నది. ఏడాదికి పది పదిహేను దినాలు తప్ప, ఫోను తెరమీదనే నన్ను చూసే బిడ్డ అది. జవాబు చెప్పడానికి నాకు కొంతసేపు పట్టింది.

నాటకశాల ముందునుండి పడమరగా ఒక వెడల్పాటి రాతి వీధి తిన్నగా వెళ్తుంది. అది రేవు వీధి. దాని చివర ఇప్పుడు సముద్రం లేదు, పొలాలూ తుప్పలూ ఉన్నవి. నది తెచ్చిన ఒండ్రుమట్టి రేవును పూడ్చివేయగా సముద్రం ఐదారు కిలోమీటర్ల దూరం జరిగిపోయింది. రేవు పోయాక పట్టణం పోయింది. గోదావరి లంకలు ఎరిగినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

దిగువ ద్వారం దాటేసరికి పదకొండున్నర. అబ్బాయి పట్టీలో ఇంకా నాలుగు మిగిలినవి: యోహాను సమాధి మీద కట్టినదని చెప్పే పెద్ద దేవాలయపు శిథిలం, సెల్చుక్ ఊరిలోని ప్రదర్శనశాల, 431లో మహాసభ జరిగిన మరియమ్మ దేవాలయం, కొండమీద మరియమ్మ నివసించిందని చెప్పుకొనే ఇల్లు. ఆ ఇంటిని గురించి లేఖనాధారమేమీ లేదు, రోమను కతోలికులు పందొమ్మిదవ శతాబ్దపు చివరనుండి దానిని దర్శిస్తూ వస్తున్నారు. పిల్లలిద్దరి ముఖాలూ కందిపోయి ఉన్నవి. దుకాణాల దగ్గర దానిమ్మ రసం, నువ్వులు అద్దిన గుండ్రటి రొట్టెలు కొనిపెట్టి నీడన కూర్చొన్నాము. అబ్బాయి ఆ కాగితం వైపు కాసేపు చూసి మడిచి జేబులో పెట్టుకొన్నాడు. "ఒక్కటి చూద్దాం. ఏది చూద్దామో వాళ్ళనే అడుగుదాం," అన్నాడు.

దేవాలయాలు అక్కరలేదు, కొంగలు కావాలన్నారు పిల్లలు. వ్యాను నడిపే ఆయన వచ్చేటప్పుడు చెప్పినాడట, అర్తెమి గుడి స్తంభం మీద కొంగలు గూడు కట్టుకొంటవని. కొంగలకోసం వెళ్తే నేను చూడాలనుకొన్నదే కనబడింది. ప్రాచీన ప్రపంచపు ఏడు వింతలలో ఒకటిగా లెక్కించిన గుడి అది. దానికోసమే రెండు గంటలు కేకలు వేసినారు. ఇప్పుడు ఒక పల్లపు నేల, నీటి గుంట, గడ్డి, దొరికిన రాతిముక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చి నిలబెట్టిన ఒకే ఒక స్తంభం. దాని మీద పుల్లల గూడు. తల్లికొంగ వచ్చి వాలగానే గూటిలోని పిల్లలు మెడలు పైకెత్తినవి. ఏ రుసుమూ లేదు, గుంపూ లేదు. అరగంట అక్కడే ఉన్నాము. ఒంటిగంటన్నరకు, ఓడ ఎక్కవలసిన సమయానికి రెండు గంటలు ముందుగా, రేవులో ఉన్నాము. ఓడ ఎక్కేటప్పుడు ఒక్కొక్కరి కార్డూ యంత్రానికి చూపిస్తారు గనుక ఎవరు లోపల ఉన్నారో ఎవరు రాలేదో వారికి తెలుస్తుంది. ఆలస్యంగా వచ్చిన ఒక జంట రేవుమీద పరుగెత్తుకొని రావడం సాయంత్రం మేడమీదనుండి చూసినాము. వారు ఎక్కగలిగినారు.

పత్మాసు చేరేసరికి పొద్దు వాలుతున్నది. ఓడ దూరాన లంగరు వేసి చిన్న పడవలలో దింపింది. పడవలోకి అడుగు పెట్టేటప్పుడు పడవ లేచి దిగుతూ ఉంటుంది. బిడ్డను ముందుగా పడవవాని చేతికిచ్చి తరువాత మనం దిగాలి, బిడ్డను ఎత్తుకొని దిగకూడదు. రేవు ఉన్న ఊరు స్కాలా. యోహాను దర్శనములు చూసినాడని చెప్పే గుహ, స్కాలాకూ కొండమీది హోరాకూ నడుమ దారిలో ఉన్నది. కొండకొన మీద 1088లో స్థాపించిన మఠం కోటలాగా కనబడుతుంది. గుహలోకి మెట్లు దిగాలి, లోపల ఇరుకు, మాటలాడకుండా నిలబడాలి. నాలుగేళ్ళవాడికి అది తగిన చోటు కాదు.

నేను పిల్లల దగ్గర ఉండిపోదామనే అనుకొన్నాను. మా అబ్బాయి ఒప్పుకోలేదు. "మీరిద్దరూ వెళ్ళి రండి. కోడలిని కూడా తీసుకువెళ్ళండి. వీళ్ళు నాతో ఉంటారు," అన్నాడు. మేము ముగ్గురం టాక్సీలో వెళ్ళినాము. ఆ గుహ కిటికీనుండి చూస్తే కింద సముద్రం, ఆవల దీవులు. ఏడు సంఘాలకు వ్రాయుమని యోహానుకు ఆజ్ఞ అయినప్పుడు మొదటి ఉత్తరం ఎఫెసుకే. కష్టమూ సహనమూ ఉండి, మొదటి ప్రేమను వదిలిన సంఘమని దానిలో ఉన్నది. ఉదయం మేము నడిచిన వీధిలోనే ఆ సంఘం ఉండేది. అక్కడ పది నిమిషాలు ప్రార్థనలో గడిపి దిగి వచ్చినాము.

రేవు పక్కన గులకరాళ్ళ ఒడ్డు ఉన్నది. మా అబ్బాయి ప్యాంటు మోకాళ్ళవరకు మడిచి నీళ్ళలో నిలబడి ఉన్నాడు. పిల్లలు వాడి బూట్ల నిండా రాళ్ళు పోసి ఓడ కట్టినామన్నారు. మనవడు తడిసిపోయి ఉన్నాడు, ఎవరూ వాడిని ఏమీ అనలేదు. తిరుగు పడవలో వాడు తండ్రి భుజం మీద నిద్రపోయినాడు. మనవరాలు నా ఒడిలోకి జరిగి, తూరు పిల్లల సంగతి అడిగింది. పౌలు ఓడ ఎక్కినాక వాళ్ళు ఏమి చేసినారని.

తమ తమ ఇళ్ళకు తిరిగి వెళ్ళినారని వ్రాసి ఉన్నదమ్మా, అన్నాను.